ఇసుకలో దిగబడిన కుర్చీ

జబీనా కావలిలో జాకెట్లు కుడుతుంది. డిగ్రీ చదివింది, ఇంగ్లీషు మాట్లాడగలదు. అది తెలిసి ఒక విదేశీ సేవాసంస్థ ఆమెను సాయం అడిగింది. జీతమేమీ లేదు. వారానికోసారి సముద్రపు ఒడ్డునున్న పల్లెపాలేనికి వెళ్లి, కష్టాల్లో ఉన్న కుటుంబాలకు ఏం కావాలో కనుక్కుని, సంస్థ తరఫు మనిషి మాథ్యూకు చెప్పాలి. మంచిపనే కదా అని ఒప్పుకుంది.

ముత్యాలయ్య ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు అతను మంచంలో పడుకుని కప్పు వైపు చూస్తున్నాడు. వేటలో అల విసురుకు పడవ అంచు మీద పడి నడుము విరిగింది. కాళ్లు చచ్చుబడ్డాయి. భార్య పేరమ్మ పొద్దున్నే చేపల గంప ఎత్తుకుని పోతే, తిరిగొచ్చేదాకా మంచినీళ్లిచ్చే దిక్కు కూడా లేదు. సముద్రం ఇంటి వెనకే ఉన్నా కళ్లతో చూసి చాలా కాలమైందన్నాడు.

జబీనా మాథ్యూను వదలకుండా అడిగి అడిగి, చివరికి చక్రాల కుర్చీ తెప్పించింది. పాలెమంతా చూడ్డానికొచ్చింది. నలుగురు పట్టుకుని ముత్యాలయ్యను కూర్చోబెట్టి గడప దాటించారు. పేరమ్మ వెనకనుంచి తోసింది. చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. గట్టిగా తోస్తే ఇంకా కూరుకుపోయాయి. తారు రోడ్డు దాకా అంతా ఇసుకే. జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

సిమెంటు దారి వేయిద్దామని జబీనా మాథ్యూను అడిగింది. కుర్చీలకు తప్ప మరి దేనికీ పైవాళ్లు ఒప్పుకోరని ఆయన తల వంచుకున్నాడు. సాయంత్రంలోగా ముత్యాలయ్య నవ్వుతున్న ఫోటో మాత్రం పంపాలన్నాడు.

జబీనా ముత్యాలయ్య ఇంటికి తిరిగొచ్చి సంగతి చెప్పింది గానీ, ఫోటో తీయడానికి ఫోన్ పైకెత్తలేకపోయింది.

"తియ్యమ్మా," అన్నాడు ముత్యాలయ్య. "పనికిరాలేదని తెలిస్తే దీన్ని గూడా తీసకపోతారు. గడపకాడ కూసుంటే వచ్చే పోయే మనుషులన్నా కనపడతారు నాకు."

అని నవ్వాడు. ఇసుక కనపడకుండా, నడుము పైభాగమే వచ్చేట్టు ఫోటో తీసింది జబీనా.

ఆ ఫోటో సంస్థ పైవాళ్లకు బాగా నచ్చింది. అదే పాలేనికి మరో రెండు కుర్చీలు పంపారు. వద్దని వాళ్లకు చెప్పాలంటే మొదటిదాని సంగతీ చెప్పాలి. చెబితే ముత్యాలయ్యను మళ్లీ మంచంలో పడేసినట్టే. ఏమీ తోచక, ఇక రానని పేరమ్మతో చెప్పింది.

"బాగున్నావా అని ఆయన్ని అడిగేదానివి నువ్వొక్కదానివే," అంది పేరమ్మ. "నువ్వు గూడా మానుకుంటే ఎట్లమ్మా?"

జబీనా మరుసటి వారం మళ్లీ ఆటో ఎక్కింది. పాలెంలో దిగేసరికి, రెండో కుర్చీ వచ్చిన ఇంట్లో పక్షవాతం వచ్చిన ముసలాయనకు తల దువ్వి, ఉతికిన చొక్కా తొడిగి, ఫోటో కోసం వాకిట్లో ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఉంచారు.