ఊట అన్నాను, ఊళ్ళు కదిలొచ్చాయి

ఒకే ఒక్క మాట గోడ మీద రాసి, చుట్టుపక్కల ఊళ్ళన్నిటినీ ఆకలితో నా మీదికి తోలుకొచ్చుకున్న ఘనత నాది. అదీ రెండే రెండు అక్షరాల మాట. ఇంత ఘనకార్యం చదువురానివాళ్ళకు చేతకాదు. దీనికి పెద్ద చదువు కావాలి. కాబట్టి ముందు నా చదువు సంగతి చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

నేనప్పుడు బెంగళూరులో ఎం.ఏ. చదువుతున్నాను. కోర్సు పేరు సామాజిక ప్రభావం, సామాజిక వ్యాపార నాయకత్వం. ఆ పేరు ఒక్క ఊపిరిలో చెప్పడం నేర్చుకునేసరికే నాకు మొదటి సెమిస్టర్ అయిపోయింది. మా నాయనకైతే చివరిదాకా నోరు తిరగలేదు. మా ఊరు మంగళవాడలో ఎవరైనా, "మీ నాగవేణి ఏం చదువుతాండాదప్పా?" అని అడిగితే ఆయన కాసేపు ఆకాశంలోకి చూసి, "ఏందో, ఊర్లు బాగుచేసే చదువంట" అనేవాడు.

"దానిక్కూడా చదువుండాదా?"

"ఉండాదంట. పరీక్ష గూడా ఉండాదంట."

"ఊర్లు బాగుపడకపోతేనో?"

"మల్లా రాయల్ల" అనేవాడు నాయన, చాలా దిగులుగా.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆఖరి సెమిస్టర్‌లో మేం తలా ఒక ఊరు ఎంచుకుని, ఊరివాళ్ళే చేతులు కలిపి నడుపుకునే పని ఒకటి మొదలుపెట్టించాలి. మా ప్రొఫెసర్ వచ్చి చూస్తుండగా ఊరి సభ పెట్టి, ఊరిని ఒప్పించాలి. ఊరు ఒప్పుకోకపోతే డిగ్రీ లేదు.

నేను రాయచెర్లు ఎంచుకున్నాను. అక్కడ మా పెద్దమ్మ మారక్క ఉంది. రాయచెర్లు చుట్టూ ఇప్పుడు ఎటు చూసినా సోలార్ పలకలే. ఒకప్పుడు వేరుశనక్కాయ వేసిన చేలన్నీ కంచెల వెనకాల నల్లగా మెరుస్తుంటాయి. పొలాలున్నవాళ్ళు లీజుకిచ్చేసి అరుగుల మీద కూర్చున్నారు. మా పెద్దమ్మకు పొలం లేదు, గొర్రెలున్నాయి. కంచెలొచ్చాక ఆ గొర్రెలకు గుక్కెడు నీళ్ళు తాగించాలంటే ఎండలో ఆ సోలార్ పార్కు అంచంతా చుట్టి రావాలి. "ఈ ఎండాకాలం గూడా ఇట్లే అయితే మందనంతా సంతకు తోలేస్తా పాపా" అంది ఒకరోజు. "ఆటిని అమ్మేసినాక నేనేం చేయల్ల? ఆ అద్దాలు చూసుకుంటా కూచోవల్లనా?"

మా పెద్దమ్మ గొంతు అలా పలచబడటం నేనెప్పుడూ వినలేదు. ఊరంతా వినపడేలా మాట్లాడే మనిషి ఆమె. ఊరి పక్కనే కంపచెట్ల మధ్య పాతబావి ఒకటి పూడిపోయి పడి ఉంది. దాంట్లో ఒకప్పుడు మంచి ఊట ఉండేదని అందరూ చెప్పేవారు. పూడిక తీయించాలి, ఊట తిరిగి రావాలి, గొర్రెలవాళ్ళంతా సంఘం కట్టి ఆ బావిని నడుపుకోవాలి. అదే నా ప్రాజెక్టు. డిగ్రీ సంగతి దేవుడెరుగు, మారక్క మంద సంతకు పోకూడదని పట్టుపట్టాను. నేను పట్టుపట్టానంటే ఉడుములు కూడా నా దగ్గర ట్యూషన్ చెప్పించుకోవాల్సిందే.

ఇక పేరు. మా సార్ క్లాసులో వేలు పైకెత్తి మరీ చెప్పాడు: "పేరు అక్కడి భాషలో ఉండాలి. ఒక్క మాటలో ఉండాలి. చదివినవాడు ఉన్నపళాన లేచి రావాలి." నేను రాత్రీ పగలూ బావి గురించే ఆలోచిస్తున్నాను కాబట్టి పేరు దానంతటదే తట్టింది. ఊట! ఎంత చల్లటి మాట! ఎంత లోతైన మాట! నన్ను నేనే భుజం తట్టుకున్నాను.

మీరు కూడా బాగుందనే తలూపుతున్నారు కదా? అక్కడే ఉంది తిరకాసు. మాది కర్ణాటకలోని పావగడ తాలూకా. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో కన్నడ చదువుతాం. గోడ మీద ఏం రాసినా కన్నడ అక్షరాల్లోనే రాయాలి, తెలుగు అక్షరాలు మాలో ఎక్కువమందికి రావు. నేను కూడా తర్వాతెప్పుడో పంతం కొద్దీ నేర్చుకున్నాను, ఇదిగో, ఇలా మీ ప్రాణం తీయడానికి. తెలుగులో ఊట అంటే బావిలో ఊరే నీళ్ళు. కన్నడలో ఊట అంటే భోజనం. మామూలు భోజనం కూడా కాదు. ఇంట్లో తింటే అది సంగటి, లేకపోతే బువ్వ. పెళ్ళిలోనో, జాతరలోనో, ఎన్నికలప్పుడో వరసగా కూర్చోబెట్టి ఆకేసి పెడితేనే మా వాళ్ళు దాన్ని ఊట అంటారు. ఈ ముక్క నాకు తెలియదా అంటే, పుట్టినప్పటినుంచీ తెలుసు. కానీ ఆ నెలంతా నా బుర్రలో నీళ్ళు తప్ప మరేమీ లేవు.

అలా నీళ్ళు నిండిన బుర్రతో, బస్‌స్టాప్ గోడ మీద, వై.ఎన్.హొసకోట వెళ్ళే షేర్ ఆటోల వెనకాల, అందమైన కన్నడ అక్షరాల్లో ఇలా రాశాను: "ఆదివారం రాయచెర్లులో ఊట! ఇది అందరిదీ. ఒక్కరోజు కాదు, ఏడాది పొడుగునా ఊట. ఇంటిల్లిపాదీ రండి."

దేవుడు నన్ను హెచ్చరించలేదని అనను. ఆటో డ్రైవర్ రూపంలో ఒకసారి వచ్చాడు.

"అక్కా, నిజంగా ఏడాదంతా ఉంటాదా ఊట?"

"ఉంటాది."

"జనం ఎక్కువొస్తే సాలకపోతేనో?"

"మనం తోడేకొద్దీ ఊరతానే ఉంటాదప్పా!"

అతను హ్యాండిల్ వదిలేసి నాకు దండం పెట్టాడు. అతనికి నీటి విలువ తెలుసని మురిసిపోయాను.

రెండోసారి హనుమంతరాయప్ప తాత రూపంలో వచ్చాడు. ఆ తాత ఊరికి పెద్దదిక్కు, పొలమంతా లీజుకిచ్చి అరుగు మీద స్థిరపడిన మనిషి. "పాపా, ఊట ఎవురు పెడ్తాండారు?" అని అడిగాడు.

"ఎవురూ పెట్టేది లేదు తాతా. భూమిలోనుంచి వస్తాది."

"అదీ నిజమేలే. రాగులు గూడా భూమిలోనుంచే కదా వచ్చేది." పెదాలు తడుపుకున్నాడు. "తీపి ఉంటాదా?"

"టెంకాయ నీళ్ళ మాదిరి తియ్యగా ఉంటాది!"

"అట్లయితే పాయసం గూడా ఉండాది." ఈ మాట ఆయన తనలో తాను అనుకున్నాడు, నేను పట్టించుకోలేదు. "ఇంతకీ నీది ఏ పార్టీ?"

"పార్టీ గీర్టీ లేదు తాతా."

"గెలిచేదాకా అందరూ అట్లే అంటారులే" అని తాత కన్నుగీటాడు.

ఆదివారం వచ్చింది. నాతో పాటు మా సార్ వచ్చాడు. ఆయన ఉత్తరాది మనిషి, కన్నడ రాదు, తెలుగు రాదు. అదే నా అదృష్టం. బావి దగ్గరికి నలుగురొస్తే గొప్ప అనుకున్నానా, పొద్దున్నే ఆటోలు దిగడం మొదలైంది. తర్వాత ట్రాక్టర్లు. తర్వాత బైకుల మీద ముగ్గురేసి. ముసలీ ముతకా, చంకల్లో పిల్లలు. చాలామంది చేతుల్లో చెంబులు, క్యారియర్లు. ఇంకా ఊరని నీళ్ళు పట్టుకుపోవడానికి గిన్నెలు తెచ్చుకున్నారే, ఏమి నమ్మకం అని నా కళ్ళు చెమర్చాయి. పైగా ఎవరూ చెప్పకుండానే అందరూ ఎదురెదురుగా వరసలు తీరి, బాసీపట్లు వేసుకుని కూర్చున్నారు.

"ఇంత క్రమశిక్షణ ఉన్న సభను నా సర్వీసులో చూడలేదు" అన్నాడు సార్ ఇంగ్లీషులో, ఫోన్‌తో ఫొటోలు తీస్తూ.

నాకు ఊపొచ్చింది. బావి గట్టెక్కి గొంతెత్తాను. "ఊట మన హక్కు!"

చప్పట్లు.

"ఊట కోసం మనం ఎవురి ముందరా చెయ్యి చాపేది లేదు!"

ఈలలు.

"ఆ ఊట యాడుండాదో తెలుసునా?"

జనమంతా తలలు తిప్పి వంటపాత్రల కోసం వెతికారు.

"మన కాళ్ళ కిందనే ఉండాది!"

ముందు వరసవాళ్ళు కాళ్ళెత్తి చూసుకున్నారు. అప్పుడు హనుమంతరాయప్ప తాత లేచి, తువ్వాలు దులిపి, పెద్దమనిషి తరహాలో అన్నాడు: "పాపా, భాషణం శానా బాగుండాది. ఇంక ఆకులెయ్యి."

"ఏం ఆకులు తాతా?"

"ఊటకు ఆకులు."

గోడ మీది అక్షరాలు నా కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. ఈసారి కన్నడలో తిరిగాయి. "తాతా... ఊట అంటే... నీళ్ళు."

"నీళ్ళు సరేప్పా, గ్లాసులో పోస్తావు. ఆకులో ఏం పెడ్తావు?"

జనంలో గుసగుస మొదలై గోలగా మారింది. ఒకావిడ చంకలో బిడ్డను చూపిస్తూ, "పిలకాయలకు పొద్దున ఏమీ పెట్టకుండా తోలుకొచ్చినా కదమ్మా!" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. నవ్వు కోసం చెబుతున్న మాట కాదిది, ఆ బిడ్డ మొహం చూడలేకపోయాను. మారక్క జనాన్ని తోసుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "పిలిచి ఆకలితో పంపిచ్చేదా? ఈ ఊర్లో నా మొగం ఎట్ల ఎత్తుకోని తిరగల్ల?" వెనక వరసలవాళ్ళు లేచి తువ్వాళ్ళు దులుపుకుంటున్నారు. వాళ్ళు వెళ్ళిపోతే ఈ బావి దగ్గరికి మళ్ళీ ఎవరూ రారు. మంద సంతకు పోతుంది.

నేను గట్టు దిగలేదు. "ఎవురూ పోవద్దండి! ఊట పెడ్తా!" అని అరిచాను.

"దేంతో పెడ్తావే?" అంది మారక్క పళ్ళు బిగించి.

"మీ ఇంట్లో రాగిపిండి ఉండాది కదా పెద్దమ్మా."

ఆమె నన్ను చూసిన చూపు ఇక్కడ రాయదగింది కాదు. అయినా వెళ్ళి పిండి తెచ్చింది. పరువు కోసం ఇంకో నాలుగిళ్ళవాళ్ళూ తెచ్చారు. తాత ఇంట్లోంచి పెళ్ళిళ్ళ గంగాళం వచ్చింది. ఒకరు వేరుశనక్కాయల చెట్నీకి రోలు దగ్గర కూర్చున్నారు. ఎసరు మరుగుతుండగా నేను మళ్ళీ గట్టెక్కాను. "సంగటి అయ్యేదాకా ఊరికే కూచుంటే ఆకలి ఇంకా ఎక్కువైతాది. అంతలో ఈ కంపలన్నా కొడదాం రండప్పా!"

తాత ఫక్కున నవ్వాడు. "ఊట పెట్టకముందే పని చేపిస్తాండాది. ఈ పాప గెలుస్తాదిరా!" అని పంచె ఎగ్గట్టాడు. ఆయన వెనకే ఊరి ఇళ్ళలోంచి కొడవళ్ళు, పారలు కదిలాయి. ఆ మధ్యాహ్నం నేను కలిపిన సంగటిలో రాళ్ళలాంటి ఉండలున్నాయి. ఒకాయన ముద్దను చేత్తో బరువు చూసి, "బావి కట్టకు పనికొస్తాది" అన్నాడు. అయినా అందరూ తిన్నారు, నన్ను తిడుతూ తిన్నారు, మళ్ళీ వడ్డించుకుని తిన్నారు.

ఆ రోజే ఒప్పందం కుదిరింది. ప్రతి ఆదివారం పూడిక తీత, ఆ తర్వాత ఊట. వంతులవారీగా ఇళ్ళవాళ్ళు పిండి తేవాలి, వంటకు నేను దూరంగా ఉండాలి. సార్‌కు ఏమర్థమైందో గానీ, "ఆహారాన్ని ప్రోత్సాహకంగా వాడటం అద్భుతమైన వ్యూహం" అని రాసుకుని నాకు మంచి మార్కులే వేశాడు. నేనేమీ కాదనలేదు. మార్కులొచ్చినా నేను మాత్రం కదల్లేదు, ఆదివారం ఆదివారం వెళ్ళి మట్టి తట్టలు మోశాను.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం ఆ చారిత్రక ఘడియ రానే వచ్చింది. సార్ పెద్ద కెమెరాతో గట్టు మీద కాచుకున్నాడు. మారక్క తాడు పట్టుకుని అడుగుకు దిగి, గునపంతో బండ సందులో పొడిచింది. తర్వాత లోపలినుంచి ఊరంతా వినపడే గొంతు, ఆమె అసలు గొంతు, పైకి లేచింది.

"ఊట వచ్చినాదప్పో! ఊట వచ్చినాది!"

అంతే. పారలు ఎక్కడివక్కడ పడ్డాయి. జనమంతా ఒక్క పెట్టున లేచి చేతులు కడుక్కోవడానికి పరుగెత్తారు. అందరికంటే ముందు హనుమంతరాయప్ప తాత. మా రిపోర్టులో "నీరు పడిన క్షణాన ప్రజల స్పందన" అనే ఫొటోలో ఈనాటికీ వీపులు తప్ప ఏమీ కనిపించవు.

సార్ కూడా కెమెరాతో ఆ వీపుల వెనకాలే పరుగెత్తాక, గట్టు మీద నేనొక్కదాన్నే మిగిలాను. వంగి చూశాను. బండ సందులోంచి నీళ్ళు సన్నగా, మట్టిరంగులో, ఆగకుండా కారుతున్నాయి. మా పెద్దమ్మ రెండు చేతులూ ఆ నీళ్ళలో పెట్టి ఏడుస్తోంది, నవ్వుతోంది. నేనూ ఏడ్చాను. ఆ ఏడాది మంద సంతకు పోలేదు.

ఆ పవిత్ర క్షణంలో బావి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: "భూమి, ఆకాశం, కంచె అవతలి పలకలు సాక్షిగా, ఇకమీదట ఏ మాటనైనా గోడ మీద రాసే ముందు రెండు భాషల్లోనూ పైకి చదువుకుని, పక్కింటివాళ్ళ చేత కూడా చదివించుకుని గానీ కుంచె ముట్టనని..."

"ప్రమాణాలు తర్వాత చేద్దువులే!" అని అడుగునుంచి కేక వినిపించింది. "ముందు నన్ను పైకి లాగే! ఆడ సంగటి అయిపోతాంది!"