కొత్త కార్బొరేటరుతో కర్నూలు నుంచి కడపకు

కడప మిషను అయ్యగారు ఉత్తరం రాశారు. మిషను దొరగారు కర్నూల్లో నా దగ్గర వదిలిపోయిన మోటారు సైకిలు ముసలిదైపోయింది, శనివారం సాయంత్రం ఐదింటికి పాత ఇనుము వ్యాపారి వస్తాడు, బండిని రైల్లో వేసి పంపమని. ఇరవై ఏళ్లుగా ఆ బండిని నడిపింది, బాగుచేసింది నేను. రైల్లో వేయను, నడుపుకొనే వస్తాను, చూశాక అమ్మండని జవాబు రాయించాను.

బండిలో లోపం ఒక్కటే. పెట్రోలులో గాలి కలిపే కార్బొరేటరు అరిగిపోయి, ఎత్తు వస్తే దిగి తోయాల్సి వచ్చేది. యుద్ధం అయ్యాక మిలిటరీ పాత సామాన్లలో దానికంటే నోరు పెద్దది ఒకటి తొమ్మిది రూపాయలకు దొరికింది. ఇంజను గొట్టానికి సరిపోలేదు. కంచరి దగ్గర కూర్చుని ఇత్తడి ఉంగరం పోయించి, నేనే ఆకురాయితో రాసి బిగించాను. అంత పని కర్నూల్లో ఇంకెవరూ చేయలేరు.

శనివారం తెల్లవారి ఐదున్నరకు బయలుదేరాను. రోడ్డు దుమ్ము లోపలికి పోకుండా కార్బొరేటరు నోటికి తడిగుడ్డ కట్టాను. ఎండాకాలం బండెక్కితే నీళ్లకుండకు తడిగుడ్డ చుట్టడం మాకు అలవాటే. పాణ్యం దగ్గర ఎత్తును దిగకుండా ఎక్కించాను. ఎనిమిదిన్నరకు నంద్యాల. అక్కడ రేషను కూపనిచ్చి పెట్రోలు పోయించుకోండి, ముందు దొరకడం కష్టం.

ఆళ్లగడ్డ ఇంకో రెండు మైళ్లుందనగా బండి దగ్గింది. నల్లపొగ కక్కి ఆగింది. పెట్రోలు ఎక్కువైందనుకుని, తగ్గించడానికి కార్బొరేటరు సూది దించాను, మరలు తిప్పాను. గంటన్నర పోయింది. తొమ్మిది రూపాయలు పోసి బండిని నా చేతులతోనే ఇనుము చేశానేమోనని మొదటిసారి భయం వేసింది.

పక్కనే పందిరి కింద బొరుగుల ఉగ్గాని అమ్మే ఆమె అంతసేపూ చూస్తూనే ఉంది.

“ఏం పెద్దాయనా, దానికి నీళ్లు తాపుతాండావా?”

“అది తాగేది పెట్రోలు.”

“మరి మూతికి తడిగుడ్డ యాలప్పా?”

“దుమ్ము పోకుండా.”

“నేను కుండ సుట్టూ తడిగుడ్డ సుడతా, మూతికి మాత్రం పొడిగుడ్డే కడతా. తడిదానికి దుమ్మంటితే బురద మెత్తినట్లే. ఇంగ దానికి ఊపిరాడేది యాడ?”

గుడ్డ విప్పి చూశాను. అట్టలా గట్టిపడి ఉంది. సూదిని పాత చోటికి ఎత్తి, మరలు మళ్లీ సరిచేసి తన్నాను. ఒక్క తన్నుకే పలికింది.

“శానా తెలిసినదానివే.”

“బండి సంగతి నాకేం తెలుసు? కుండ సంగతి తెలుసు. తిని పో.”

అణాకు కడుపు నిండా పెట్టి, కుండ మూతికి కట్టే పొడిగుడ్డ ఒకటి ఊరికే ఇచ్చింది. దాన్నే కార్బొరేటరు నోటికి కట్టి, మధ్యాహ్నం రెండున్నరకు మైదుకూరు చేరాను. పెన్న దాటి, ఐదుకు పావుగంట ముందు మిషను గేటులోకి పోయాను.

ఇనుము వ్యాపారి అప్పటికే తక్కెడ వేలాడదీసి ఉన్నాడు. అయ్యగారిని ఎక్కండన్నాను. వెనక కూర్చోబెట్టుకుని చర్చి దాకా తీసుకుపోయి తెచ్చాను. ఆయన దిగి పంచె దులుపుకున్నారు.

“ఇది ఇనుము కాదు లేప్పా, బండే. ఈయన దగ్గరే ఉండనీ,” అని వ్యాపారితో అన్నారు.

“తక్కెడ ఇంతదూరం మోసుకొస్తి. ముసలాయన్నన్నా తూకానికి ఇస్తారా సామీ?”

“నన్ను తూయాలంటే నీ తక్కెడ సాలదు,” అన్నాను.

ఆ బండి ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఇత్తడి ఉంగరం ఇంతవరకు కదల్లేదు. నా పనితనం గురించి నేనే చెప్పుకుంటాను, దానికి సిగ్గు లేదు. అయితే ఆళ్లగడ్డ దారిన పోయిన ప్రతిసారీ ఆ పందిరి దగ్గర ఆగి ఉగ్గాని తింటాను, ఆకలి ఉన్నా లేకపోయినా. ఈ దారిన వచ్చేవాళ్లు కార్బొరేటరు నోటికి పలచని పొడిగుడ్డ కట్టి, పది మైళ్లకొకసారి దులపండి. నల్లపొగ వస్తే మరల మీద చెయ్యి వేయకండి, ముందు గుడ్డ విప్పి చూడండి.