లాకుల తాత తిథి

“...దాచుకుంటే ఆ తాత మీ ఒక్కరికే అయిపోతాడా ఏంటి?”

“నెమ్మదిగా. హాల్లోకి వినపడుద్ది.”

“వినపడనీండి. బావగారు పొద్దున్నే రేపల్లెలో బండెక్కి వచ్చింది ఆ తిథి కోసమేగా.” ప్రసూన రెండు కాఫీ గ్లాసులు భర్త చేతుల్లో పెట్టింది.

నాగమల్లేశ్వరరావు తెనాలిలో ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఆ తరవాత ఆరేళ్లుగా తాత బసవలింగాన్ని వెతుకుతున్నాడు. దొరల కాలంలో రేపల్లె వైపు కాలవ మీద బసవలింగం లాకు లస్కరు. పడవ వస్తే తలుపులు తెరిచి, మూసి, అవతలి నీళ్లలోకి దాటించేవాడు. ఇద్దరు కొడుకులూ చిన్నవాళ్లుగా ఉండగానే పోయాడు. ఏ రోజు పోయాడో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. అందుకని తద్దినం ఏటా మహాలయ అమావాస్యకే పెడుతున్నారు.

పెట్టేది పెద్ద కొడుకు కొడుకు బసవేశ్వరరావు. రేపల్లెలో ఎరువుల కొట్టు. తాత ఇంటిపేరూ, తాత పేరూ అతనికే వచ్చాయి. చిన్న కొడుకును నాలుగో ఏట తెనాలిలో పిల్లలు లేనివాళ్లకు దత్తు ఇచ్చారు. నాగమల్లేశ్వరరావు ఆయన కొడుకు. ఇంటిపేరు మారింది, గోత్రం మారింది. బసవలింగానికి పిండం పెట్టే హక్కు పోయింది.

అయినా ఏటా అమావాస్యకు రేపల్లె వెళ్లేవాడు. పీటల మీద కూర్చున్న బసవేశ్వరరావు మంత్రం మధ్యలో ఫోన్ చూసుకునేవాడు. పురోహితుడు ముత్తాత పేరు అడిగితే గుర్తురాక వెనక్కి తిరిగేవాడు. గోడవారన కూర్చున్న నాగమల్లేశ్వరరావు అందించేవాడు. ఆ పేరు కోసం అతను కర్లపాలెం చుట్టూ ఒక వేసవంతా తిరిగాడు.

పోయిన నెల బాపట్లలో, బిందుమాధవి అనే లెక్చరరు ఇంట్లో, వాళ్ల ముత్తాత డైరీ దొరికింది. ఆయన ఆ కాలవ మీదే ఓవర్సీరు. 1929 నవంబరు 23, శనివారం: లస్కరు బసవలింగం ఉదయం తలుపు మీద నుంచి జారి మునిగిపోయాడు. మధ్యాహ్నం దాకా పడవలు ఆపాము. సిద్ధాంతి పాత పంచాంగం తిప్పి కార్తిక బహుళ సప్తమి అని చెప్పాడు. చీటీ మీద రాసుకున్న ఆ తిథి నెల రోజులుగా నాగమల్లేశ్వరరావు చొక్కా జేబులోనే ఉంది. చొక్కా మారితే చీటీ కూడా జేబు మారుతోంది.

“దొరికిందంటగా, మల్లేశూ. ప్రసూన మీ వదిన సుశీలతో అందంట,” అన్నాడు బసవేశ్వరరావు హాల్లో కాఫీ అందుకుంటూ. “నాకు చెప్పలేదేం?”

“సరిచూసుకుందామని, అన్నయ్యా.”

“నెల రోజులా? పదో తరగతి పేపర్లు కూడా అంతసేపు దిద్దలేదు నువ్వు.” నవ్వి ఫోన్ తీశాడు. “చెప్పు, ఇందులో పెట్టుకుంటాను. పాపం, బస్సులెక్కి నువ్వు పడ్డావులే. నాకు కొట్టొదిలి ఎక్కడ కుదురుద్ది? పెట్టేవాణ్ణి నేనుంటే, వెతికిపెట్టేవాడివి నువ్వున్నావు.”

నాగమల్లేశ్వరరావు అతని వేలికేసి చూశాడు. ఏటా దర్భ ఉంగరం తొడిగే వేలు. అది ఫోన్ మీద ఎదురుచూస్తోంది.

వంటింటి గుమ్మంలోకి ప్రసూన వచ్చి నిలబడింది.

“కార్తికంలో వస్తుంది,” అన్నాడు.

“కార్తికంలో ఏ రోజు?”

“పీటల మీద నువ్వే కూర్చో, అన్నయ్యా. కానీ ఈ ఏడు తద్దినం ఇక్కడ, మా ఇంట్లో. పురోహితుణ్ణీ, వంటమనిషినీ నేనే మాట్లాడతాను. ఏ రోజన్నది ముందురోజు పొద్దున ఫోన్ చేసి చెబుతాను. వచ్చెయ్.”