నూనె తాగిన కథ

సహోదరులారా, సహోదరీలారా! ఇంతకాలం మన పత్రికలో మీ సాక్ష్యాలు చదివి కళ్లు తుడుచుకున్నవాణ్ని, ఈసారి మా ఇంట్లో ప్రభువు చేసిన మేలు రాయకుండా ఉండలేక కలం పట్టుకున్నాను. మాది మందమర్రి. బొగ్గు బాయి మీద ల్యాంపు రూములో పని చేసి రిటైరయ్యాను. బాయిలోకి దిగే ప్రతి కార్మికుడూ అక్కడ తన దీపం తీసుకుంటాడు, పైకి వచ్చాక అక్కడే అప్పగించి ఇంటికి పోతాడు. ఒక దీపం తిరిగి రాలేదంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని మాకు తెలుస్తుంది. ఆ పని వల్లనో ఏమో, ఏదైనా రాసి పెట్టుకుంటే తప్ప నాకు నిద్ర పట్టదు. అయితే మా కృప చీకటిలో ఉన్న కాలపు డైరీలు ఇప్పుడు తిరగేస్తే, పేజీకి ఒక్క వాక్యమే కనిపిస్తుంది: ‘కృప ఈ రోజు కూడా గది దాటి రాలేదు.’

కృప మా ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పుడు నాకు టిఫిన్ డబ్బా తెచ్చి, ల్యాంపు రూము కిటికీ దగ్గర నిలబడి, వచ్చే పోయేవాళ్ల మాటలు వింటూ ఇల్లు మరిచిపోయేది. మా సంఘంలో క్రిస్మస్ నాటికలన్నీ తనే రాసేది. పెద్దయ్యాక సినిమాలకు కథలు రాస్తానని హైదరాబాదు వెళ్లింది, స్నేహితురాలి గదిలో ఉండి రాసింది, రచయితల సంఘంలో కథను రిజిస్టరు చేయించింది, ఆఫీసు తరువాత ఆఫీసు తిరిగింది. మెయిలు పంపితే తెరిచేవారు లేరు, కాగితాలు చేతికిస్తే బల్ల కింద పెట్టేవారు! ఒకచోట, “మీ బాయి భాష ఎవరికి అర్థమవుతుందమ్మా, అందరికీ తెలిసే భాషలో రాసుకుని రా” అన్నారట. ఆ మాట పట్టుకుని బిడ్డ తన కథలోని మాటలన్నీ ఒక్కొక్కటిగా దిద్దింది. దిద్దినదాన్ని కూడా ఎవరూ చదవలేదు.

ఒకరోజు సంచితో ఇంటికి వచ్చి తలుపు వేసుకుంది. అన్నం ముట్టదు, మాట్లాడదు, ప్రార్థనకు రాదు. నేను గుమ్మం దగ్గర కూర్చుని బతిమాలితే లోపలి నుంచే అంది, “బాపు, నేను రాసింది ఒక్కలు సుత సదవలే. నేను ఉన్నా లేకున్నా ఒక్కటే అనిపిస్తుంది.”

మంచిర్యాలలో డాక్టరుకు చూపించాం, మందులు వాడాం, వైద్యం కూడా దేవుడిచ్చినదే కదా! కానీ రోజూ తెల్లవారగానే నేనూ నా భార్య శాంతమ్మా వంటింట్లో మోకరించి ఒకటే ప్రార్థన చేసేవాళ్లం: “ప్రభువా, మా కృప దీపం ఇంకా రాలేదు. బిడ్డ లోపలే ఉంది. మేము దిగలేని చోటికి నీవే దిగి తీసుకురా.”

జవాబు ఒక్కసారిగా రాలేదు, మెల్లగా వచ్చింది. మా సంఘ యవ్వనస్తులు ఆమె తలుపు కొట్టి, “అక్కా, చిన్న కథ ఒకటి రాసియ్యవా” అని పట్టుబట్టారు. వాళ్ల పోరు పడలేక రాసింది. లక్సెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డున ఫోనుతోనే దాన్ని చిన్న సినిమాగా తీసి నెట్‌లో పెట్టారు. అది చూసి హైదరాబాదు నుంచి ఒక కో-డైరెక్టరు ఫోను చేశాడు, మా డైరెక్టరు గారు కొత్త కథలు వింటున్నారు, మీ దగ్గర పెద్ద కథ ఉంటే పట్టుకుని రండి అని. కృప తల్లితో అంది, “అవ్వా, గిదే ఆఖరుసారి. గిప్పుడు సుత కాదంటే ఇగ కలం ముట్ట.” ఆఖరుసారి అన్న ఆ మాట నా గుండెలో ముల్లులా ఉండిపోయింది.

నేనే జిరాక్స్ షాపుకు వెళ్లి కథంతా ప్రింటు తీయించాను. “సినిమోల్లు ఒక్కదిక్కే ప్రింట్ తీస్తరు బాపు” అని బిడ్డ చెప్పినా, కాగితం దండగ అని రెండు వైపులా తీయించాను. ఇక మా సంఘంలో ఒక అలవాటు ఉంది. పరీక్షకు పోయేవారి హాల్ టికెట్ అయినా, కొత్త బండి తాళంచెవి అయినా ముందుకు తెచ్చి నూనె రాసి ప్రార్థన చేస్తాం. ఆ ఆదివారం కథను బల్ల మీద పెట్టాం. పాస్టరయ్యగారు వేలితో ఒక మూల ఒక చుక్క రాశారు. శాంతమ్మకు అది నచ్చలేదు.

“గింత పెద్ద కథకు గా ఒక్క సుక్క ఏడ సరిపోతది అయ్యగారూ?”

“నూనె కాదమ్మా, నమ్మిక ఎక్కువ కావాలి” అని ఆయన నవ్వుతూ అనేలోపే సీసా ఆమె చేతిలోకి వెళ్లింది. వెనక నుంచి, “జర జరుగు అక్కా, నా సెయ్యి సుత పడనీ” అంటూ స్త్రీల కూటమంతా వచ్చింది. ఆమేన్ అనే సమయానికి కట్ట కట్టంతా నూనె తాగేసింది! అందరం కళ్లు మూసుకునే ఉన్నాం కనుక ఎంత పోశారో ఎవరూ గమనించలేదు. పైపైన జిడ్డే కదా అని అలాగే కవరులో చుట్టుకుని నేనూ బిడ్డా మంచిర్యాలలో రైలెక్కాం.

ఆఫీసులో కవరు విప్పేసరికి, సహోదరులారా, నూనె లోపలి కాగితాల దాకా పాకి ఉంది. రెండు వైపులా ప్రింటు కనుక ముందు అక్షరాలూ వెనక అక్షరాలూ కలిసిపోయి ఒక్క వరుస కూడా చదవడానికి రాలేదు. కో-డైరెక్టరు కట్టను రెండు వేళ్లతో ఎత్తి, “ఏంటమ్మా, కథ తెచ్చావా, మిర్చి బజ్జీలు తెచ్చావా?” అన్నాడు. అందరూ నవ్వారు. తలుపు పక్క కుర్చీలో కూర్చున్న నేను తల ఎత్తలేకపోయాను. ‘ప్రభువా, నీ నామమున రాసిన నూనె, నీవే చూసుకో’ అన్నాను లోలోపల.

బిడ్డ ముఖం చూడాలంటే భయమేసింది. చూస్తే నవ్వుతోంది! ఎంతకాలానికి చూశాను ఆ నవ్వు! “మా అవ్వ ప్రేమ జర ఎక్కువైంది సార్” అంది.

డైరెక్టరు గారు కాగితాలు పక్కన పెట్టి, “నీ కథేగా, నోటితో చెప్పు” అన్నారు.

మొదట దిద్దిన భాషలోనే మొదలుపెట్టి రెండు మాటలకే ఆగిపోయింది. కాగితం చూద్దామంటే అందులో చదవగలిగే అక్షరం లేదు. కాసేపు కళ్లు మూసుకుంది. తరువాత వచ్చిన గొంతు మా ఇంటి గొంతు. “ల్యాంపు రూముల లచ్చవ్వ పనిజేస్తది సార్. షిఫ్టు అయిపోయింది. అందరి దీపాలు అచ్చినయ్. ఒక్కటి రాలే. గా దీపం ఆమె కొడుకుది. ఎవలింటికన్న పోయి చెప్పుమంటే చెప్తది గని, తనకు తాను ఎట్ల చెప్పుకుంటది సార్?”

గదిలో నవ్వు ఆగిపోయింది. కో-డైరెక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. తెచ్చిన టీలు తెచ్చినట్టే మీగడ కట్టాయి. కథ అయ్యాక డైరెక్టరు గారు ఆ నూనె కట్టను మళ్లీ దగ్గరికి లాక్కున్నారు.

“ఈ మాటలే రాయొచ్చుగా?” అన్నారు.

“అర్థం కావన్నరు సార్.”

“నాకు అర్థమైంది. నువ్వు చెప్పినట్టే రాసుకుని రా. మా రచయితలతో కూర్చో.”

దేవునికే మహిమ! నేను లెక్క ప్రకారం నడిచే మనిషిని, కానిదాన్ని అయిందని రాయను. ఆ సినిమా ఇంకా మొదలు కాలేదు, మొదలవుతుందో లేదో కూడా తెలియదు. నూనె మహిమ అని కూడా నేను చెప్పను. మా తెలివితక్కువ ప్రేమను సైతం నా దేవుడు పారేయకుండా వాడుకున్నాడని మాత్రం చెబుతాను. బిడ్డ అన్నం తింటోంది, హైదరాబాదు నుంచి రోజూ ఫోను చేసి అవ్వతో గొడవ పడుతోంది, రాస్తోంది. మా దీపం పైకి వచ్చింది, సహోదరులారా!

మొన్న కృప కొత్తగా రాసిన కాగితాలతో ఇంటికి వచ్చింది, ఒకవైపే ప్రింటు తీసి! శాంతమ్మ అలవాటుగా నూనె గిన్నె తెచ్చింది. బిడ్డ కాగితాలు నా ఒళ్లో పెట్టి, తల్లి ముందు నేల మీద కూర్చుని, “కాగితాలకు వద్దే అవ్వా, నా నెత్తికి రాయి” అంది. శాంతమ్మ అరచేతి నిండా పోసి రాసింది. ఈసారి ఎక్కువైందని ఎవరూ అనలేదు.

తలుపు వేసుకున్న బిడ్డ మీ ఇంట్లో ఉంటే ఒంటరిగా కుమిలిపోకండి. వైద్యుడికి చూపించండి, ప్రభువును నమ్మండి, మందమర్రికి రండి. మీతో కూర్చుని ప్రార్థిస్తాం. భయపడకండి, సంఘంలో నూనె సీసా ఇప్పుడు అయ్యగారి జేబులోనే ఉంటోంది.