బానెట్ మీద చెయ్యి

ఆగివున్న కారు బానెట్ వేడిగా తగిలితే ఇప్పటికీ నా చెయ్యి ఉలిక్కిపడుతుంది.

అరవైల్లో, నాకు ఆరేళ్లప్పుడు, నాన్న నన్ను జగ్గయ్యపేట నుంచి నందిగామ తీసుకెళ్లారు. అక్కడ మావయ్య, ఇంజన్ విప్పి మళ్లీ బిగించిన పాత కారొకటి అమ్ముతున్నాడు. రాత్రంతా చల్లారిన ఇంజన్, కారు ముందు దూర్చి తిప్పే హ్యాండిల్‌తో ఒక్క తిప్పుకే స్టార్టయితేనే కొంటానని నాన్న షరతు.

కారున్న పాకలోకి ముందు నేనే పరిగెత్తాను. బానెట్ కాలుతోంది.

"కారుకి జొరమొచ్చిందా మావయ్యా?"

"చిన్న జొరమేలే అమ్మడూ, రేపటికి తగ్గిపోద్ది. చెప్పావంటే మీ నాన్న దీన్ని ఇక్కడే వదిలేసి పోతారు."

జ్వరమొస్తే నన్నూ తిరనాళ్లకి తీసుకెళ్లకుండా వదిలేసేవాళ్లు. కారు మీద జాలేసింది.

నాన్న వస్తూనే, "పొద్దున్నుంచి స్టార్ట్ చేయలేదుగా?" అన్నారు.

"మీ అమ్మాయి చెయ్యి పెట్టి చూసింది, అడగండి బావగారూ," అన్నాడు మావయ్య.

"చల్లగా ఉంది నాన్నా."

నాన్న నా మాట నమ్మి హ్యాండిల్ తిప్పారు. ఒక్క తిప్పుకే స్టార్టయింది.

మర్నాడు పొద్దున మా వాకిట్లో ఎంత తిప్పినా అది పలకలేదు. నాన్న చొక్కా చెమటకి తడిసిపోయింది. నేను బానెట్ మీద చెయ్యి పెట్టి, "జొరం తగ్గిపోయింది నాన్నా!" అన్నాను సంబరంగా.

నాన్న హ్యాండిల్ వదిలేసి నావైపు చూశారు. మేము వెళ్లకముందే ఇంజన్ని వేడెక్కించి పెట్టిన మావయ్య మీద పడాల్సిన ఆ చూపు, ఇన్నేళ్లయినా నా దగ్గరే ఉంది.