ఇంకా దండాలే పెడుతున్నాయి

ఈ ఉదయం ఆరోగ్య కార్యకర్త ఇచ్చిన బోదకాలు మాత్ర నాలుక మీద చేదుగా కరుగుతుంటే కామేశ్వరి డాక్టరమ్మ గుర్తొచ్చింది. గంజాంలో మేమిద్దరం కలిసి బోదపురుగు మోసాన్ని పట్టుకున్నామని బడా బజార్‌లో కూర్చున్న చోటల్లా చెబుతుంటాను. నిజానికి పట్టుకున్నది ఏ దేశపు శాస్త్రజ్ఞులో. మాకు అర్థమయ్యేలా చెప్పింది ఆవిడ. నేను ఆవిడ ఆసుపత్రిలో రక్తపరీక్ష గాజుపలకలు కడిగేవాణ్ణి. కడిగినవాటి కంటే పగలగొట్టినవే ఎక్కువ.

ఆ పురుగు మన ఒంట్లో ఏళ్ల తరబడి ఎలా బతుకుతుందని అడిగితే, నా భుజం మీది తువ్వాలు తీసి నా తలకే చుట్టింది. "దొంగ కాపలావాడి బట్టలేసుకుని తిరిగితే ఎవరు పట్టుకుంటారయ్యా? రక్తంలోని కాపలావాళ్లు దండం పెట్టి పంపేస్తారు. ఈ మాత్ర వాడి బట్టలు లాగేస్తుంది, అంతే. తన్నేది మన ఒళ్లే. ఆ తన్నులాటకే జ్వరం." ఆ దొంగబట్టలు ఇంకా బాగా లాగేసే మందు కోసం ఆవిడ వెతికేది. రక్తపు చుక్కలో ఏవేవో పొడులు కలిపి, తెల్లకణాలు పురుగును పట్టుకుంటాయేమోనని సూక్ష్మదర్శిని మీద వంగి ఉండేది. "పట్టుకున్నాయేటమ్మా?" అంటే, తలెత్తకుండా, "లేదయ్యా, ఇంకా దండాలే పెడుతున్నాయి" అనేది. ఆ గొంతు మళ్లీ వినాలని ఎంత ఉంటుందో.

పెళ్లయిన ఏడాదే నా పెళ్లాం నూకాలు చీలమండ ఉబ్బింది. మాత్ర మింగిన రోజే ఒళ్లు కాలిపోయింది. "పిల్లకి ఇసం పెట్టినార్రా" అంటూ మా అమ్మ మిగిలిన మాత్రలు పెరట్లో పారేయబోయింది. అక్కడ మానేస్తే ఆ కాలు దక్కదని నాకు తెలుసు. కబురందుకుని డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన నేల మీదే కూర్చుంది. "భయపడకు తల్లీ. నీ ఒళ్లు దొంగను గుర్తుపట్టింది" అంటూ తడిగుడ్డ మార్చింది. నేను నీళ్లు అందించాను. నూకాలు ఆవిడ కొంగు వదల్లేదు. జ్వరం దిగాకే ఆవిడ లేచింది. మాత్రలన్నీ పూర్తయ్యాయి. వాపు అక్కడే ఆగింది.

ఆవిడకు తాను వెతికిన మందు దొరకలేదు. దొరక్కుండానే వెళ్లిపోయింది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా మాత్ర వేసుకుని జ్వరం వచ్చిందంటే, పిలవకపోయినా వెళ్లి మంచం పక్కన కూర్చుంటాను. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాటిలో చేతనైంది అదొక్కటే.

ఇదంతా రాసి చదివి వినిపిస్తే, నూకాలు చేపలు తోముతూ తలెత్తకుండా అంది:

"నీళ్లందించింది మీ యమ్మ. నువ్వెక్కడున్నావు ఇంట్లో? నాను సచ్చిపోతానని భయపడి రంభ ఊరు పారిపోనావు. ఆ మాటలన్నీ తర్వాత నాను సెప్తే ఇన్నయ్యే."