మేడం అడిగిన ఖాళీ గంట

మా లెక్కల మేడం చనిపోయిందన్న కబురు వచ్చేసరికి నేను ఆర్మూర్ బస్టాండు గోడకు పోస్టరు అంటిస్తున్నాను. రెండు చేతులకూ మైదా గంజి. ఫోన్ మోగితే చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఎత్తాను. వేల్పూర్ నుంచి మేడం తమ్ముడు.

"బిడ్డా, అక్క పోయింది" అన్నాడు. అంతే. పోస్టరు సగమే అంటుకుని, పై మూల గాలికి కొట్టుకుంటోంది. "రేపటి కథల జాతర" అని పెద్ద అక్షరాలు. కింద "అందరూ రండి, తోచినట్టు రండి" అని చిన్న అక్షరాలు. ఆ చిన్న అక్షరాలు మేడంవి.

పేపర్లలో వచ్చే నివాళిలాంటిది రాయడం నాకు చేతకాదు. "తీరని లోటు" అని రాస్తే మేడం ఎర్ర పెన్ను తీసేది. అందుకని నాకు గుర్తున్నది గుర్తున్నట్టే చెబుతాను, వినండి.

ఆమె హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. పెర్కిట్ దారిలో చిన్న ఇల్లు, ఒంటరి మనిషి. శనివారం సాయంత్రాలు ఆ ఇంటి వరండాలో మేం కొందరం చేరేవాళ్లం. మొబైల్ రిపేరు షాపులో పనిచేసే నేను, ఇంటర్ చదివే రజిత, ఇంకో ఇద్దరు ముగ్గురు. రాకెట్లు, వేరే గ్రహాల మనుషులు, కాలంలో వెనక్కి పోయే యంత్రాలు, అన్నీ అలాంటి రేపటి కథలే. ఒకరు చదివితే మిగతావాళ్లం వినేవాళ్లం. అప్పటిదాకా నేను చదివినవన్నీ సభల బయట పంచే కరపత్రాలు. వాటిలోని మాటలు నాకు నోటికొచ్చు. మొదటి శనివారమే మూఢనమ్మకాల మీద గొంతు చించుకున్నాను. మేడం ఆఖరిదాకా విని, "మస్తు మాట్లాడినవ్ రా. ఇగ గందుల ఒక మనిషిని పెట్టు" అంది.

రిటైరైనా ఆమె చేతిసంచిలో ఒక సుద్దముక్క ఉండేది. కథ వింటూ వింటూ, అందులో మనిషి మాయమై యంత్రాలే మిగిలిన చోటల్లా, వంగి గచ్చు మీద సున్నా చుట్టేది. నేను రాసుకొచ్చిన కథ చదివిన రోజు మేడం కుర్చీ చుట్టూ సున్నాలే, కాలు పెట్టడానికి సందు లేదు. నాకు కోపమొచ్చి కాగితాలు చింపేశాను. "చింపినవ్ గదా, మంచిగైంది. ఇప్పుడు మల్ల రాయి" అని చాయ్ పోసింది.

జాతర ఆలోచన నాదే. నేను దానికి పెట్టిన పేరు "విజ్ఞాన కాల్పనిక సాహిత్య సదస్సు". పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉపన్యాసాలు, చివర్న తీర్మానాలు. మేడం కార్యక్రమం కాగితం చూసి కళ్లజోడు తీసేసింది.

"సదస్సంటే ఎవరొస్తర్రా? కునికిపాట్లు పడెటోళ్లొస్తరు. జాతర అను. పిల్లలొస్తరు, వాళ్ల ఎంబడి అమ్మలొస్తరు."

"మరి ఉపన్యాసాలు మేడం?"

"నీ ఒక్క ఉపన్యాసం ఉంచుత. అదీ తిండికి ముంగట. ఆకలైతది గనుక జల్ది ఆపుతవ్."

రజిత నవ్వింది. నేను నవ్వలేదు. కానీ ఆ శనివారం నుంచి కార్యక్రమం నా కాగితంలో నుంచి లేచి వరండా నిండా తిరగడం మొదలుపెట్టింది. అట్టపెట్టెలతో, వెండి కాగితాలతో పిల్లల వేషాలు. ఒకరు మొదలుపెట్టి ఇంకొకరు పొడిగించే కథ. ఆ తర్వాత యార్డు ఆట. వేరే గ్రహం నుంచి దిగినవాడు ఆర్మూర్ మార్కెట్ యార్డుకు వస్తే వాడికి పసుపు అమ్మాలి. ఆట కుదురుతుందో లేదో చూద్దామని మేడమే ఆ వేరే గ్రహం మనిషి అయింది. కొంగు నెత్తిన కప్పుకుని, రెప్ప వేయకుండా కూర్చుంది.

"నాకు ముక్కు లేదు, నాలుక లేదు. రంగులు తెల్వయ్. ఇగ అమ్ము."

రజిత వంట గురించి చెప్పింది. ఇంకొకడు పెళ్లిళ్ల గురించి, దెబ్బల మందు గురించి చెప్పాడు. వేరే గ్రహం మనిషి కదల్లేదు. నాకు విసుగొచ్చింది. "మా అమ్మ గీ పసుపు ఉడకవెట్టి ఉడకవెట్టి ఎన్ని సబ్బులు రుద్దినా చెయ్యి కడగనట్టే ఉంటది. కొంటే కొను, లేకపోతే పో!" అని అరిచాను. మేడం కొంగు తీసేసి, "గిది కొంట" అంది. కళ్లు తుడుచుకున్నట్టే అనిపించింది. ఆమెను అడిగితే ఒప్పుకునేది కాదు.

కార్యక్రమంలో ఒక చోట మాత్రం మేడం ఏమీ రాయనివ్వలేదు. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక గంట. అక్కడ సున్నా చుట్టింది. మైకు ఉండదు, స్టేజీ మీద ఎవరూ ఉండరు. కుర్చీలు ఎటంటే అటు తిప్పుకుని తెలియని వాళ్లతో మాట్లాడుకోవాలి. "ఖాళీగ ఉంచితే లేచి పోతరు మేడం" అన్నాను. "పోయెటోళ్లు పోతరు. ఉన్నోళ్లే మనోళ్లు" అంది. ఆ గంట కోసం నేను ఆమెతో ఎంత కొట్లాడానో! ఆమె మాత్రం దాన్ని వదల్లేదు.

తేదీ దగ్గర ఇంకో యుద్ధం. పెళ్లిళ్ల కాలంలో మాకు హాలు ఎవరిస్తారు? మేడం గోడకున్న పంచాంగం క్యాలెండరు తిప్పి, మూఢం ఎప్పుడుందో చూసి, ఆ రోజుల్లో తేదీ పెట్టింది. నాకు ఒళ్లు మండింది. సైన్సు కథల జాతరకు పంచాంగం చూడటమా?

"మూఢంల పెండ్లిళ్లుండవ్, హాలు దొరుకుతది. నమ్మెటోళ్లు నమ్మి ఖాళీ పెట్టిన్రు, మనం వాడుకుంటున్నం. గందుల నీకేం నొప్పి?" అంది. తర్వాత మెల్లగా అంది: "జర విను. సభల వాదించు, నాతోని వాదించు. ఏడ్చెటోళ్ల ముంగట మాత్రం వాదించకు."

అప్పటికే ఆమెకు ఆయాసం. నిజామాబాద్ దవాఖానకు పోయి వస్తూ ఉండేది. మంచం మీద నుంచే ఫోన్ చేసి, "వేషాల పిల్లలకు నీళ్లు పెట్టుడు యాది మరవకు. అట్టపెట్టెల ఉక్కపోస్తది" అని చెప్పింది. నాతో ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే.

మేడం పోయిన తర్వాత ఆమె తమ్ముడు మా షాపుకు వచ్చాడు. పసుపు రైతు, మాటలు తక్కువ. స్టూలు మీద కూర్చున్నాడు. "బిడ్డా, అక్క దినం మీ జాతర తారీఖుకే పడ్డది. దినాలకు ఇచ్చే హాలు గదొక్కటే. గది మీరు పట్టుకున్నరట." మిగతా హాళ్లవాళ్లు చావు భోజనాలకు ఇవ్వరు, శుభకార్యాలు చేసే చోటట! నా కోపం వాళ్ల మీదికి పోయింది. ఆయన మీద ఎట్లా పోతుంది? "తీసుకో కాకా" అన్నాను. పోస్టర్ల మీద అడ్డంగా జాతర రద్దు అన్న కాగితాలు అంటించుకుంటూ ఊరంతా తిరిగాను. "మేడమే లేదు, ఇగ ఏం జాతర?" అంది రజిత. మిగతావాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. అయిపోయిందనే అనుకున్నాను.

దినం రోజు పొద్దున వేల్పూర్‌లో, ఆమెను దహనం చేసిన చేనుకు అందరం పోయాం. పక్క కల్లంలో ఉడికిన పసుపు ఎండుతోంది. పిట్టకు పెట్టారు, కాకి వచ్చి ముట్టాలని. విస్తరిలో అన్నం, ఆమెకు ఇష్టమైన మక్కగారెలు, పక్కన స్టీలు గ్లాసులో చాయ్. అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం. మోటరు గది మీద ఒక కాకి వాలింది. దిగదు, పోదు.

"నీ ఇల్లు అమ్మం అక్కా" అన్నాడు తమ్ముడు. కాకి కదల్లేదు. "నీ పుస్తకాలు మంచిగ చూస్కుంటం" అన్నారెవరో. కదల్లేదు. ఎండ ఎక్కుతోంది. "ఏదో మనసుల పెట్టుకుంది" అని ఒక ముసలమ్మ ఏడుపు అందుకుంది. జాతర ఆపింది నేనే కదా, అందరి చూపూ నా మీదికి తిరిగింది.

నా నోటినిండా కరపత్రాలు ఉన్నాయి. ఒక్కటీ బయటికి తీయలేదు. ముందుకు నడిచి, "జాతర చేస్తం మేడం" అన్నాను.

తమ్ముడు నా భుజం పట్టుకున్నాడు. "గట్ల గాదు బిడ్డా. అక్క నమ్మెటట్టు చెప్పు."

విస్తరి ముందు నిలబడి మొదట్నుంచి చెప్పాను. హాలు దొరకకపోతే ఈ కల్లంలోనే చేస్తామన్నాను. తమ్ముడు తలూపాడు. పొద్దున పిల్లల వేషాలు, వాళ్లకు నీళ్లు నేనే పెడతానన్నాను. తర్వాత పొడిగింపు కథ. తర్వాత యార్డు ఆట, అందులో వేరే గ్రహం మనిషిగా రజిత. తిండికి ముందు నా ఉపన్యాసం, చిన్నదే. తర్వాత భోజనాలు. భోజనాల తర్వాత...

అక్కడ ఆగాను. మేడం సున్నా చుట్టిన ఆ గంటలో ఏముంటుందని చెప్పను? ముసలమ్మ ఏడుపు ఆగింది. చాయ్ మీద మీగడ కట్టింది. మోటరు గది మీద కాకి, తల ఒక పక్కకు వంచి, మిగతాది చెప్పమన్నట్టు చూస్తూ కూర్చుంది.